రెండు తీరములు, ఒకే కాలము
తెలుగు రేవులందును అమెరికా వలసలందును మతము, వర్తకము, సంఘర్షణ

ఆనేకల్ తాలూకాలోని సర్జాపురము ఒకప్పుడు సన్నని మస్లిను నేతకు పేరుగాంచిన గ్రామము. కన్నడము, తెలుగు, తమిళము మూడును కలసి వినిపించు ఈ సరిహద్దు ప్రాంతమున మగ్గము అనేక కుటుంబములకు జీవనాధారమై యుండెను. నేడు ఆ బట్టల ప్రసక్తి స్థానిక చరిత్రలో ఒక్క వాక్యముగా మాత్రము మిగిలినది. కాని దక్షిణదేశపు నూలుబట్ట నాలుగు శతాబ్దములకు పూర్వము ప్రపంచ చరిత్రనే కదలించిన సరకు. దానికొరకే డచ్చివారు, ఆంగ్లేయులు, డేనులు, ఫ్రెంచివారు ఒకరి వెంట నొకరు మన తూర్పు తీరమునకు వచ్చిరి. వచ్చినవారు మొదట వర్తకశాలలు కట్టుకొనిరి. పిమ్మట కోటలు కట్టుకొనిరి. తుదకు రాజ్యమునే కట్టుకొనిరి.

సరిగా అదే కాలమున అదే జాతులవారు అట్లాంటిక్ మహాసముద్రమును దాటి ఉత్తర అమెరికా తూర్పు తీరమున వలసలు స్థాపించుచుండిరి. అచ్చటి మూలవాసులు నూరేండ్లు నిండకమునుపే తమ తీరభూములలో అధిక భాగమును కోల్పోయిరి. ఇచ్చటనో, ఆంగ్లేయులు దాదాపు నూటయేబది యేండ్లు స్థానిక ప్రభువుల అనుమతి వేడుచు, సుంకములు చెల్లించుచు, అప్పుడప్పుడు పారిపోవుచు వర్తకము సాగింపవలసి వచ్చెను. ఈ భేదమునకు కారణ మేమి? వచ్చినవారి స్వభావమా, లేక తీరమున నిలిచి యున్నవారి బలమా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసోద్దేశము.

ఒకే పెద్దలు, రెండు కంపెనీలు

ఎలిజబెత్తు రాణి 1600 డిసెంబరు 31వ తేదీన ఈస్టిండియా కంపెనీకి సన్నదు నొసగెను. జేమ్సు రాజు 1606లో వర్జీనియా కంపెనీకి సన్నదు నొసగెను. ఈ రెండు సంస్థలును లండను వర్తకుల మూలధనముతో నడచినవే. సర్ థామస్ స్మిత్ అను ధనికుడు మొదటిదానికి తొలి గవర్నరు. 1609 నుండి 1619 వరకు రెండవదానికి కోశాధిపతి యను బిరుదుతో అధినేత. అనగా ఒకే బల్ల వద్ద కూర్చుండిన మనుష్యుడు జేమ్సుటౌనునకును, మచిలీపట్టణమునకును సంబంధించిన లెక్కలు చూచుచుండెను. కావున రెండు తీరములకును వచ్చినవారి యాశలలో పెద్ద భేదము లేదు.

వర్జీనియాలో జేమ్సుటౌను 1607లో వెలసినది. నాలుగేండ్ల తరువాత, 1611లో, 'గ్లోబు' అను ఆంగ్ల నౌక ఆంటోనీ హిప్పన్ నాయకత్వమున మన తీరమునకు వచ్చెను. అందు వర్తక వ్యవహారములు చూచిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథూనిస్ అనువారు ఆంగ్లేయుల కొలువులో చేరిన డచ్చివారు. నౌక మొదట పులికాటు చేరగా అచ్చట అప్పటికే పాదుకొనిన డచ్చివారు వారికి చోటీయలేదు. అంతట వారు నిజాంపట్టణమునకును, అటనుండి మచిలీపట్టణమునకును వచ్చి గోల్కొండ సుల్తాను రాజ్యమున వర్తకము మొదలిడిరి. నూటికి నాలుగు వంతున సుంకమునకు మాట కుదిరెను. కాని రేవు అధికారి పిమ్మట పండ్రెండు వంతులు కోరెను. జేమ్సుటౌనులో ఆంగ్లేయుని సుంకమడిగిన అధికారి యెవడును లేడు. బందరులో ఉండెను. రెండు తీరముల భేదము ఇచ్చటనే ప్రారంభమగుచున్నది.

ఇద్దరు బందీలు

ఈ భేదమును తెలుపుటకు రెండు సంఘటనలను పక్కపక్కన నుంచి చూచుట యుక్తము. 1613లో వర్జీనియా వలసకు చెందిన ఆర్గాల్ అను నౌకాధ్యక్షుడు పౌహటన్ అను మూలవాసి ప్రభువు కుమార్తె పోకహాంటస్‌ను ఉపాయముతో ఓడ నెక్కించి బందీని చేసెను. తమవారిని, తమ ఆయుధములను మరలించుకొనుటకు ఆమెను తాకట్టుగా నుంచుకొనుట అతని యుద్దేశము. ఆమె తండ్రి కోరికలలో కొంత తీర్చినను ఆమెకు విడుదల కలుగలేదు. వలసలో నుండగా ఆమెకు రెబెక్కా యను పేర క్రైస్తవ మతమిచ్చిరి. 1614 ఏప్రిలులో పొగాకు సేద్యమున పేరొందిన జాన్ రాల్ఫ్ ఆమెను వివాహమాడెను. కంపెనీ ఆమెను ఇంగ్లండునకు కొనిపోయి తన వలసకు ధనము పోగుచేయుటకై జనులకు చూపెను. 1617లో స్వదేశమునకు మరలుచు ఆమె గ్రేవ్‌సెండు వద్ద మృతి నొందెను.

మచిలీపట్టణమున ఫ్లోరిస్ 1614 నవంబరులో ఇట్టి పనియే చేసెను. రేవు అధికారి తమకు చెల్లింపవలసిన బాకీని వాయిదాలు వేయుచుండగా, అతని కుమారుని సుంకపుశాల వద్ద పట్టుకొని ఓడకు చేర్చెను. ఆంగ్లపు వ్రాతలలో 'వెంటకాద్ర' అని కనబడు ఈ యువకుని పేరు వెంకటాద్రి యని ఊహింపవచ్చును. అతడు బ్రాహ్మణుడగుటచే పరులు వండిన యన్నమును ముట్టక, ఓడలోని నీటిని త్రాగక నిరాహారుడై యుండెను. ఫ్లోరిసునకు జాలి కలిగెను. గౌరవనీయులగు ఇద్దరు ముసల్మానులు అతనికి మారుగా వచ్చినచో విడిచెదనని కబురంపెను. ఎవ్వరును రాలేదు. కొలది దినములకు బాకీ చెల్లెను. యువకుడు ఇంటికి పోయెను.

పట్టినవారి నీతి రెండు చోట్లను ఒక్కటియే. కాని బందరు యువకుని వెనుక ఒక రాజ్యముండెను. అచ్చట మరల సరకు కొనవలెనన్నచో అతనిని క్షేమముగా దింపక తప్పదు. అతని యాచారమును పరిహసించుటకు గాని, మార్చుటకు గాని వర్తకునకు తీరికయు లేదు, లాభమును లేదు. పౌహటన్ కుమార్తె వెనుక నున్న ప్రజయు ధైర్యము లేనిది కాదు. కాని ఆమెను పట్టినవారు అచ్చటి ప్రజలతో వర్తకమును గాక, అచ్చటి నేలను కోరుచుండిరి.

వర్తకము: బట్టయు, భూమియు

మన తీరమునకు యూరపు వర్తకులు తెచ్చిన సరకులు ఇచ్చట అంతగా అమ్ముడుపోలేదు. వారు వెండి బంగారములు తెచ్చి బట్టలు కొనిరి. ఆ బట్టలను జావా, సుమత్రా ద్వీపములకు కొనిపోయి మిరియములు, లవంగములు, జాజికాయలు కొనిరి. నిజాంపట్టణపు చిరివేరు ఎరుపును, నీలిమందు రంగును, కలంకారీ అద్దకమును తూర్పు ద్వీపములవారు మోజుపడి కొనుచుండిరి. ఈ రంగు రహస్యము తీరగ్రామములలోని అద్దకపువారి చేతిలో నుండెను. వర్తకుడు ముందు సొమ్మిచ్చి నెలల తరబడి వేచి యుండవలసినదే. ధర నచ్చనిచో నేతగాడు ముందు సొమ్ము తిరిగి యిచ్చివేయగలడు. పీడ హెచ్చినచో మగ్గముతో వేరొక ప్రభువు గ్రామమునకు లేచిపోగలడు. ఈ వలసపోవు స్వాతంత్ర్యమే అతని కోట.

ప్రభువు చేయియు బలమైనదే. అధికారుల నిర్బంధము తాళలేక ఆంగ్లేయులు 1628లో మచిలీపట్టణమును విడిచి నెల్లూరు సీమలోని దుర్గరాజపట్టణమునకు పోయిరి. 1630లో మరల వచ్చిరి. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఒసగిన 'బంగారు ఫర్మానా' వలన ఏటికి 500 వరహాలు చెల్లించి గోల్కొండ రేవులందు వర్తకము చేసికొను వీలు కలిగెను. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఫ్రాన్సిస్ డేకు మద్రాసపట్టణపు ఇసుకతీరము నొసగుటయు ఇట్టి బేరమే. అచ్చట బట్ట చవుకగా దొరకునని ఆంగ్లేయుల యాశ, తన రేవునకు రాబడి హెచ్చునని నాయకుని యాశ. ఆ ఊరికి నాయకుని తండ్రి చెన్నప్ప పేరిట చెన్నపట్టణమను నామము కలిగెను.

అమెరికాలో తొలుత ఉన్నికలిగిన జంతుచర్మముల వర్తకము సాగినది. ఆ వర్తకము సాగినంతకాలము మూలవాసులకు గౌరవముండెను, ఏలయన చర్మములు తెచ్చువారు వారే. కాని వర్జీనియాలో 1612 ప్రాంతమున పొగాకు పంట ఫలించెను. పొగాకు పెంచుటకు నేల కావలెను. నేల దున్నుటకు మనుష్యులు కావలెను. నేలకై మూలవాసులను త్రోసిరి. మనుష్యులకై ఇంగ్లండు బీదలను ఒప్పందపు కూలీలుగా తెచ్చిరి. 1619లో ఆఫ్రికావాసులను తొలిసారి దింపిరి. న్యూ ఇంగ్లండునకు 1630 మొదలు పదేండ్లలో సుమారు 20,000 మంది ఆంగ్లేయులు కుటుంబములతో తరలివచ్చిరి. ఆ దశకమున తెలుగు తీరమునంతటను ఉన్న ఆంగ్లేయులను వ్రేళ్లమీద లెక్కింపదగును. దీనికి తోడు యూరపు నుండి వచ్చిన మశూచికాదులు అచ్చటి గ్రామములను శూన్యము చేసెను; మన దేశమునందో, వ్యాధులు వచ్చినవారినే ఎక్కువగా బలిగొనెను.

అయినను మన తీరము దాస్యవర్తకము నెరుగనిది కాదు. 17వ శతాబ్దమున కరవులు వచ్చినపుడెల్ల డచ్చివారు ఈ తీరమున వేలాది జనమును కొని బటేవియా మొదలగు చోట్లకు ఓడల నెక్కించిరి. మద్రాసు రేవు నుండి ఆంగ్లేయులును ఇట్లే చేసిరి. అన్నము లేనివానికి ఏ రాజ్యమును కోట కాలేదు.

మతము: కారణమా, అలంకారమా?

న్యూ ఇంగ్లండు వలసకు మతమే ముఖ్యకారణము. 1620లో ప్లిమతునకు, 1630లో మసాచుసెట్సునకు వచ్చినవారు ఇంగ్లండు మఠాధికారులతో సరిపడనివారు. కాని తాము కోరిన స్వేచ్ఛను ఇతరుల కీయలేదు. ప్రభుత్వమునకు మనస్సాక్షిపై అధికారము లేదనియు, భూమిని మూలవాసుల నుండి కొనక తీసికొనరాదనియు వాదించిన రోజర్ విలియమ్స్‌ను వెడలగొట్టిరి. అతడు 1636లో ప్రావిడెన్సు పట్టణమును స్థాపించెను. 1659, 1661 సంవత్సరముల మధ్య బోస్టనులో నలుగురు క్వేకరులను ఉరితీసిరి. కాథలికులకు ఆశ్రయముగా 1634లో వెలసిన మేరీలాండు 1649లో క్రైస్తవశాఖలకు సహన శాసనము చేసినను అది ఐదేండ్లలో రద్దయి, పిమ్మట మరల నెలకొనెను.

చెన్నపట్టణమున స్థితి వేరు. ఆంగ్లేయులు ప్రొటెస్టెంటులైనను పోర్చుగీసు కుటుంబములు తమ ఊరిలో స్థిరపడవలెనని ఫ్రెంచి కాపుచిన్ సన్న్యాసి ఎఫ్రాయిమ్ గురువును 1642లో నిలుపుకొనిరి. ఆయనను 1649లో శాంథోమ్ పోర్చుగీసువారు పట్టుకొని మతవిచారణకై గోవాకు పంపగా, కాథలికుని విడిపించుటకు ప్రొటెస్టెంటు వర్తకులు పాటుపడిరి. కోటలోని సెంటు మేరీ దేవాలయము ప్రతిష్ఠింపబడినది 1680లో. అనగా ఊరు పుట్టిన నలుబదేండ్లకు. అంతకు ముందే కంపెనీ దుబాసి బేరి తిమ్మన్నయు, మందుగుండు చేయించు నాగభట్టును చెన్నకేశవ పెరుమాళ్ల గుడికి ధర్మములు చేసి యుండిరి. వర్తకుడు లేనిదే బట్ట లేదు. గుడి లేనిదే వర్తకుడు రాడు. కావున కంపెనీ సహనము ధర్మబుద్ధి కంటె లెక్కల పుస్తకము నుండి పుట్టినదనుట న్యాయము.

మతప్రచారము కంపెనీ కోటల వెలుపల ఎక్కువగా సాగినది. 1702లో బూషే, మోదుయి అను ఇద్దరు ఫ్రెంచి ఏసుసంఘ గురువులు వేలూరు నుండి వచ్చి బెంగుళూరు, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురము, హొసకోట, కోలారు ప్రాంతములందు తెలుగు క్రైస్తవ సంఘములు నెలకొల్పిరి. దీనికి కర్ణాటక మిషను అని పేరు. మైసూరు సీమ తూర్పు భాగమున తెలుగు ఎంత వ్యాప్తిలో నుండెనో దీనివలన తెలియుచున్నది. మతము మార్ప వచ్చినవారును మొదట ఇచ్చటి భాషను నేర్వవలసి వచ్చెను.

సంఘర్షణ

మన తీరమున తొలి పోరులు యూరపు వారిలో వారికి జరిగినవే. 1612లో శాంథోమ్ పోర్చుగీసువారు పులికాటుపై దాడిచేసి డచ్చి వర్తకశాలను నాశనము చేయగా, డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను నిర్మించిరి. స్థానిక ప్రభువుతో తలపడిన ఆంగ్లేయులు మాత్రము వెనుకకు తగ్గవలసి వచ్చెను. 1656లో మీర్ జుమ్లా ఓడను వారు పట్టుకొనగా, అతనివారు మద్రాసును ముట్టడించి దారులు మూసిరి.

ఊరిలోపలి పోరు కుడిచేతి, ఎడమచేతి కక్షలది. పెండ్లి ఊరేగింపు ఏ వీధిని పోవలెను, ఏ గుర్తులు ధరింపవలెను అను తగవులతో 1652లోను, మరల 1707లోను చెన్నపట్టణము అట్టుడికెను. రెండవసారి కుడిచేతివారు ఊరు విడిచి శాంథోమునకు తరలిపోగా వర్తకము స్తంభించెను; గవర్నరు థామస్ పిట్ వీధులను పంచి రాజీ కుదుర్పవలసిన వాడయ్యెను. ఈ తగవులు మన చీలికలకు చిహ్నములు. కాని ఊరు విడిచి పాలకుని లొంగదీయగల శక్తి జనుల కుండెననుటకును ఇవియే సాక్ష్యము.

అమెరికాలో ఊరు విడిచినవారికి మరల ఊరు లేదు. 1622 మార్చిలో పౌహటన్ ప్రజలు తిరుగబడి వర్జీనియాలో 347 మంది వలసవారిని చంపిరి. అందుకు ప్రతిగా ఏండ్ల తరబడి వారి గ్రామములు, పంటలు దగ్ధమయ్యెను. 1637లో మిస్టిక్ నది యొద్ద పీక్వాట్ల గ్రామమునకు నిప్పంటించి స్త్రీలు, పిల్లలతో వందలమందిని సంహరించిరి. 1675, 1676లలో మెటకామ్ అను ప్రభువు నడపిన యుద్ధముతో దక్షిణ న్యూ ఇంగ్లండు మూలవాసుల స్వాతంత్ర్యము ముగిసెను. క్రైస్తవము స్వీకరించిన మూలవాసులను సైతము ఆ యుద్ధమున చలికాలపు ద్వీపములో నిర్బంధించిరి. మతము మార్చుకొన్నను నేల దక్కలేదు.

రెండు తీరములను కలిపిన బట్టల మూటలు

ఈ రెండు తీరములను ఒక్క జీవితములో చూచిన వ్యక్తి ఎలిహు యేల్. అతడు 1649లో బోస్టనులో జన్మించి, బాల్యముననే ఇంగ్లండు చేరి, 1672లో కంపెనీ గుమాస్తాగా మద్రాసునకు వచ్చి, 1687 నుండి 1692 వరకు గవర్నరుగా నుండెను. సొంత వర్తకముచే అపారధనము గడించి, అభియోగములపై పదవి కోల్పోయెను. 1718లో అతడు కనెక్టికట్‌లోని ఒక మత విద్యాలయమునకు తొమ్మిది మూటల సరకులు, 417 పుస్తకములు, రాజు చిత్రపటము నొకదానిని పంపెను. ఆ మూటలలో నూలుబట్టలును ఉండెను. సరకులు అమ్మగా 562 పౌనులు వచ్చెను. ఆ విద్యాలయమే నేటి యేల్ విశ్వవిద్యాలయము. మన తీరపు మగ్గములతో గడించిన ధనము ఆ తీరమున మతబోధకులను తయారుచేయు పాఠశాలకు పేరైనది. నేతగాని పేరు మాత్రము ఎచ్చటను చెక్కబడలేదు.

బలము తొలగిన నాడు

మన తీరపు రక్షణ ఎంతకాలము నిలిచెను? ప్రభువు, వర్తకుడు, నేతగాడు ఎవరి చోట వారు నిలిచినంతకాలము. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యెను. పిమ్మట నవాబులు, నైజాములు వారసత్వపు పోరులలో విదేశీ సైన్యములను అద్దెకు తెచ్చుకొనిరి. అద్దె చెల్లించుటకు జిల్లాలను తాకట్టు పెట్టిరి. 1750లో మచిలీపట్టణము ఫ్రెంచివారి చేతికి పోయెను. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు దానిని గెలిచెను. 1765 ఫర్మానాతోను, 1766 సంధితోను ఉత్తర సర్కారులు కంపెనీ పాలైనవి.

ఇంతలో చెన్నపట్టణమున జరిగిన ఒక విషయము గమనింపదగినది. 1757లో కోట చుట్టును మైదానము కావలెనని కంపెనీవారు పాత చెన్నకేశవ దేవాలయమును పడగొట్టిరి. బదులు స్థలమిచ్చిరి, క్రొత్త గుడి లేచినది, నిజమే. కాని నూరేండ్ల క్రిందట ఆ గుడి యున్నచో వర్తకులు వత్తురని సంతసించిన కంపెనీయే ఇప్పుడు దానిని పడగొట్టగలిగెను. సహనము యొక్క లెక్క మారినది. నేతగాని లెక్కయు మారినది. వేరొక ప్రభువు గ్రామము లేకపోయిన పిదప అతడు లేచి పోవుట కెచ్చట? ముందు సొమ్ము ఋణముగా మారెను. కంపెనీ గుమాస్తా నిర్ణయించినదే ధరయయ్యెను. 19వ శతాబ్దమున లాంకషైరు మరబట్ట వచ్చి మిగిలినదానిని ముంచెను.

ముగింపు

ఈ పోలికకు ఒక తుది నిదర్శనము భాష. మసాచుసెట్సులో జాన్ ఎలియట్ అను బోధకుడు మూలవాసుల భాషలోనికి బైబిలును అనువదించి 1663లో ముద్రింపించెను. అమెరికాలో అచ్చయిన మొదటి బైబిలు అదియే. మద్రాసులో బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి బైబిలును అనువదించెను గాని అది అచ్చుకాలేదు. ఆయన చిన్న తెలుగు గ్రంథములు మాత్రము 1746, 1747లలో జర్మనీలోని హాలే నగరమున అచ్చయినవి. అచ్చట సంపూర్ణ గ్రంథముండియు భాష 19వ శతాబ్దమున మాటలాడువారు లేక మౌనము వహించెను. ఇటీవలి దశాబ్దములలో వాంపనోగ్ ప్రజలు ఆ పాత గ్రంథము నాధారముగా గొని దానిని తమ పిల్లలకు మరల నేర్పుచున్నారు. ఇచ్చట నాడు అచ్చైనవి కొలది పుటలే యైనను భాష నేడు కోట్ల నోళ్ల నిలిచి యున్నది.

కావున గ్రంథములే భాషను కాపాడవు. నేలమీద నిలిచిన జనము, వారి వృత్తి, వారి ఐకమత్యము కాపాడును. మన పూర్వులు వచ్చినవారి కంటె మంచివారగుటచే నిలువలేదు, బలము కలిగియుండుటచే నిలిచిరి, చీలినప్పుడు ఓడిరి. కన్నడసీమలో తెలుగు పలుకును పిల్లలకు అందించుచున్న ఆనేకల్ ప్రాంతపు తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. సర్జాపురపు మస్లిను నేడు లేదు. దానిని నేసినవారి మాట ఇంకను వినిపించుచున్నది. దానిని నిలుపు బాధ్యత మనది.